రెండున్నర మిల్లీమీటర్ల పలక

1862లో స్పెయిన్ దేశపు వడ్రంగి ఆంతోనియో దె తోర్రెస్ ఒక గిటారు చేశాడు. దాని పైపలక ఎప్పటిలాగే స్ప్రూస్ చెక్క. వెనకభాగం, పక్కలు మాత్రం కాగితపు అట్ట. ఇప్పుడది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. చెక్క దొరక్క చేసిన పని కాదది. ఆ రోజుల్లో ఆయన రోజ్‌వుడ్‌తో, మేపుల్‌తో, సైప్రస్‌తో గిటార్లు చేస్తూనే ఉన్నాడు. గిటారు నాదానికి మూలం పైపలకేననీ, తక్కిన పెట్టె పాత్ర దాని తర్వాతేననీ వినిపించి చూపడమే ఆయన ఉద్దేశమని గిటారు చరిత్రకారులు చెబుతారు. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్క అంశాన్ని మార్చి చూడటం శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చేసే పని. తోర్రెస్ దాన్ని వడ్రంగి బల్ల మీద చేశాడు.

తోర్రెస్ 1817లో అల్మెరియా పట్నం పక్కనున్న పల్లెలో పుట్టాడు. చిన్నతనంలోనే వడ్రంగం నేర్చుకున్నాడు. 1850లలో సెవియా నగరంలో గిటార్లు చేస్తూ 1858లో అక్కడి ప్రదర్శనలో కంచు పతకం అందుకున్నాడు. 1870 ప్రాంతంలో గిటార్ల పని వదిలేసి అల్మెరియాకు తిరిగొచ్చి పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. 1875లో మళ్లీ ఉలి పట్టి, 1892లో చనిపోయేదాకా గిటార్లు చేశాడు. ఈనాడు ఏ దేశంలో క్లాసికల్ గిటారు తయారైనా దాదాపు ఆయన పెట్టిన కొలతల చుట్టూనే తయారవుతోంది. మోగే తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, అంతకు ముందరి గిటార్లకంటే వెడల్పైన పొట్ట, పలచని పైపలక, ఆ పలక అడుగున ఏడు సన్నని బద్దలు. బద్దలు అతికించే పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. అంతకు ముందు తరాల్లోనే కాదిజ్, సెవియా పనివాళ్లు దాన్ని వాడారు. ఆ బద్దలతో పలకను ఎంత పలచగా, ఎంత తేలికగా చెయ్యవచ్చో చూపించినవాడు తోర్రెస్.

ఇంత శ్రమ ఒక పలక మీద ఎందుకు పెట్టాలి? తీగ తనంతట తాను మోగితే పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినపడదు. తీగ ముందుకు కదిలినప్పుడు ఎదురుగా ఉన్న గాలి నొక్కుకోవాలి, వెనకాల గాలి పలచబడాలి. ఆ తేడా దూరాలకు ప్రయాణించినప్పుడే శబ్దం. కానీ తీగ మరీ సన్నం. ముందు నొక్కుకున్న గాలి అప్పటికప్పుడే పక్కనుంచి జారి వెనక్కి చేరిపోతుంది. వెడల్పైన పలక ఊగితే గాలికి అలా తప్పించుకునే దారి ఉండదు. అందుకే తీగ ఊపును బ్రిడ్జి ద్వారా పలకకు అందించి, పలక చేత గాలిని కదిలించాలి. గిటారులో తీగలు బ్రిడ్జికే కట్టి ఉంటాయి, బ్రిడ్జి పలకకు జిగురుతో అతికి ఉంటుంది. దారి సూటిగానే ఉంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తీగను మీటినప్పుడు మన వేలు ఇచ్చిన శక్తి చాలా కొద్ది. అంతకు మించి ఒక్క రవ్వ కూడా గిటారు తనంతట తాను కలపలేదు. పలక సులువుగా ఊగేలా ఉంటే ఆ శక్తినంతా ఒక్కసారిగా తాగేసి గట్టిగా మోగి చప్పున చల్లారుతుంది. పలక మొండిగా ఉంటే తీగ చాలాసేపు ఊగుతూనే ఉంటుంది గానీ నాదం బయటికి రాదు. ఎంత గట్టిగా మోగాలి, ఎంతసేపు నిలవాలి అనే రెండు కోరికలూ ఒకే మూటలోంచి తీర్చాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. మంచి గిటారు అంటే ఈ బేరం ఆరు తీగల మీదా, అన్ని మెట్ల మీదా సరిగ్గా కుదిరిన గిటారు.

పలక మోయాల్సిన బరువు కూడా తక్కువేం కాదు. నైలాన్ తీగలు ఆరూ కలిపి దాదాపు 40 కిలోల బిగువుతో లాగుతుంటాయి. తీగలు పలక కంటే సెంటీమీటరు పైచిలుకు ఎత్తులో ఉంటాయి కాబట్టి ఆ లాగుడు బ్రిడ్జిని ముందుకు తిప్పెయ్యాలని చూస్తుంది. ఇరవై ముప్ఫై ఏళ్లపాటు రాత్రింబగళ్లు ఆ మెలికను తట్టుకోవాల్సిన పలక మందం రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. బద్దలు కాక దాని బరువు 150 గ్రాముల లోపే. మరికాస్త మందంగా చేస్తే నూరేళ్లు చెక్కుచెదరదు, కానీ మూగబోతుంది. మరికాస్త పలచన చేస్తే గొంతు విప్పుతుంది, కొన్నేళ్లకే బ్రిడ్జి ముందు గుంట పడి వెనక ఉబ్బుతుంది. పనివాడు నడవాల్సింది ఆ రెండింటి మధ్యనున్న సన్నని గట్టు మీద.

తేలికగా ఉంటూనే బిరుసుగా ఉండే పదార్థం కావాలి. చెక్కల్లో ఈ విషయంలో స్ప్రూస్‌కు సాటి తక్కువ. ఘనపు మీటరుకు 400 నుంచి 450 కిలోలు, అంటే నీళ్ల సాంద్రతలో సగానికంటే తక్కువ. అయినా నార పొడవునా ధ్వని అందులో సెకనుకు 5,000 మీటర్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది. గాలిలో ఆ వేగం 340 మీటర్లే. స్ప్రూస్ చల్లని కొండవాలుల్లో నెమ్మదిగా పెరిగే శంఖాకార వృక్షం. ఇటలీ ఉత్తరాన ఫియెమ్మె లోయలోని అడవులు ఈ చెక్కకు శతాబ్దాలుగా పేరుపొందాయి. 2018 అక్టోబరులో వచ్చిన వాయా తుపాను ఆ ప్రాంతపు అడవుల్ని విపరీతంగా కూల్చింది. వయొలిన్, గిటారు పనివాళ్లు ఆ వార్త విని బాధపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఒక మంచి పలకకు కావలసిన లావు రావడానికి చెట్టుకు నూటయాభై, రెండొందల ఏళ్లు పడుతుంది.

చెట్టు మంచిదైనంత మాత్రాన పలక మంచిది కాదు. కోత కూడా సరిగ్గా ఉండాలి. దుంగను మామూలు బల్లలకు కోసినట్టు కోస్తే పనికిరాదు. ముందు గొడ్డలితో, మేకులతో నార వెంబడి చీలుస్తారు. రంపం తన దారిన తాను పోతుంది, చీలిక నార దారిన పోతుంది. నారలు పలక ఉపరితలానికి సమాంతరంగా ఉంటేనే పొడవునా పూర్తి బిరుసు దక్కుతుంది. తర్వాత వార్షిక వలయాలు పలకకు నిలువుగా వచ్చేలా, దుంగ నడిబొడ్డు నుంచి బయటికి ముక్కలు తీస్తారు. స్ప్రూస్ నార వెంట ఉన్నంత బిరుసు అడ్డంగా ఉండదు, పదోవంతో ఇరవయ్యో వంతో ఉంటుంది. వలయాలు పది పదిహేను డిగ్రీలు వాలాయంటే ఆ కాస్తా కూడా గణనీయంగా పడిపోతుంది. అలా తీసిన ముక్కను పుస్తకం తెరిచినట్టు రెండుగా విప్పి, ఒకే చెక్క తాలూకు రెండు అద్దపు ప్రతిబింబాల్ని నడుమ జిగురుతో కలుపుతారు. ఏ గిటారునైనా దగ్గరగా చూడండి, నడిమధ్య గీతకు అటూ ఇటూ గీరలు జంటగా కనిపిస్తాయి. 1960లలో మాద్రిద్‌కు చెందిన హోసె రమీరెస్ మూడో తరం పనివాడు స్ప్రూస్‌కు బదులు ఉత్తర అమెరికా ఎర్ర సెడార్‌ను తెచ్చాడు. ఇంకా తేలిక, నాదం కాస్త వెచ్చన. ఆనాటినుంచి రెండు వర్గాలూ కొనసాగుతున్నాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. తోర్రెస్ గిటార్లను కొలిచి పట్టికలు వేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ కొలతలు పుస్తకాల్లో అచ్చయ్యాయి. వాటిని పదోవంతు మిల్లీమీటరు కూడా తేడా రాకుండా అనుసరించి చేసినా తోర్రెస్ గిటారు రాదు. దీని వెనక మంత్రమేమీ లేదు. ఉన్నదల్లా ఒక చిన్న సూత్రం: పలక వంగకుండా ఎదిరించే బలం దాని మందానికి ఘనంగా మారుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల పలకను రెండుకు దించితే మందం తగ్గింది అయిదోవంతే, బిరుసు మాత్రం సగానికి పడిపోతుంది. పావు మిల్లీమీటరు చిత్రిక పడితే నాలుగోవంతుకు పైగా పోతుంది. అంటే చిత్రిక ఒక్కసారి ఎక్కువ తోస్తే వేరే గిటారు తయారవుతుంది.

ఇప్పుడు దీనికి రెండో సంగతి కలపండి. ఒకే అడవిలో పక్కపక్కన పెరిగిన రెండు స్ప్రూస్ చెట్ల చెక్క కూడా ఒకే బిరుసుతో ఉండదు. ఒక చెక్క రెండోదానికంటే 37 శాతం బిరుసైనదనుకుందాం. ఇలాంటి తేడా మామూలే. మొదటిదాన్ని 2.25 మిల్లీమీటర్లకు, రెండోదాన్ని 2.5కు చేస్తేనే రెండూ ఒకేలా వంగుతాయి. పైగా మొదటిది పదిశాతం తేలిక కూడా. కొలత ఒకటే పెట్టుకుని చేస్తే ఒకటి మొండిదవుతుంది, లేదా ఇంకొకటి బలహీనమవుతుంది. ఫ్యాక్టరీల్లో జరిగేది సరిగ్గా ఇదే. వేలకొద్దీ గిటార్లు ఒకే మందానికి యంత్రంతో తీస్తారు. వాటిలో ఏ ఒక్కటీ తీగల బిగువుకు కూలిపోయి వెనక్కి రాకూడదు గనక, ఆ మందాన్ని వచ్చిన చెక్కల్లో అన్నిటికంటే బలహీనమైనదాన్ని దృష్టిలో ఉంచుకుని నిర్ణయిస్తారు. ఫలితంగా మంచి చెక్క పడ్డ గిటార్లన్నీ కావలసినదానికంటే మందంగా, గొంతు నొక్కేసినట్టుగా తయారవుతాయి. మనిషి చేతిపనికి యంత్రం సాటి రాదని గొప్పలు చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. ప్రతి చెక్కనూ విడిగా పరీక్షించి దానికి తగ్గ మందం తియ్యగల యంత్రాన్ని తయారు చెయ్యవచ్చు. ఇప్పటికైతే ఆ పరీక్ష చేసేది చాలావరకు చేతులే.

పనివాడు పలకను రెండు చేతులా పట్టుకుని నిలువుగా, అడ్డంగా, మూలగా వంచి చూస్తాడు. ఒక చోట వేళ్లతో వేలాడదీసి మెటికతో కొట్టి వింటాడు. మళ్లీ రెండు తోపులు చిత్రిక, మళ్లీ వంచడం. ఇది ఏదో మౌనసాధన అనుకోనక్కర్లేదు. వంచినప్పుడు వేళ్లకు తెలిసేది బిరుసు, కొట్టినప్పుడు చెవికి తెలిసేది బిరుసుకూ బరువుకూ ఉన్న నిష్పత్తి, మోత ఎంతసేపు నిలిచిందన్నది చెక్కలో శక్తి ఎంత వృథా అవుతోందన్నదానికి కొలత. భౌతికశాస్త్రవేత్త కొలిచేదీ ఈ మూడే. తోర్రెస్‌ను ఎరిగిన హువాన్ మార్తినెస్ సిర్వెంత్ అనే మతగురువు చాలా కాలం తర్వాత ఒక ఉత్తరంలో ఒక జ్ఞాపకం రాశాడు. మీ రహస్యం మీతోనే పోనివ్వకండి, ఎవరికైనా చెప్పండి అని అడిగితే, అది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పలక చెప్పే సంగతి, దాన్ని ఇంకొకరికి అప్పగించే వీలు లేదని తోర్రెస్ అన్నాడట. ఆ మాటలో దాపరికం ఏమీ లేదని, అది ఉన్నదున్నట్టు చెప్పిన నిజమని నాకు అనిపిస్తుంది. ఇచ్చేందుకు ఆయన దగ్గర కొలతలు ఉన్నాయి, కానీ కొలతలు అవతలివాడి చెక్కకు సరిపోవు.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. 1924లో మ్యూనిక్ వెళ్లిన ప్రసిద్ధ గిటారు వాద్యకారుడు ఆంద్రెస్ సెగోవియా తన గిటారును హెర్మన్ హౌజర్ అనే జర్మన్ పనివాడికి చూపించాడు. అది 1912లో మాద్రిద్‌లో మనువెల్ రమీరెస్ పనిశాలలో తయారైంది. హౌజర్ అప్పటికే ఆరితేరినవాడు. నమూనా కళ్లెదురుగా ఉంది, కొలతలు తీసుకున్నాడు. అయినా సెగోవియా పూర్తిగా తృప్తిపడిన గిటారు ఆయన చేతినుంచి రావడానికి 1937 దాకా పట్టింది. సెగోవియా దాన్ని పాతికేళ్లపాటు వాయించాడు. ఆ రెండు గిటార్లూ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

అడుగున అతికించే బద్దలకూ ఇదే సూత్రం. బద్ద బిరుసు దాని వెడల్పుతో మామూలుగా, ఎత్తుతో ఘనంగా పెరుగుతుంది. అయిదు మిల్లీమీటర్ల ఎత్తున్న బద్దను నాలుగుకు చెక్కితే బరువు అయిదోవంతే తగ్గినా బలం సగమవుతుంది. కాబట్టి బద్దలు సన్నగా, నిలువుగా ఉండాలి. అప్పుడే తక్కువ బరువుతో ఎక్కువ బిరుసు వస్తుంది. తోర్రెస్ పద్ధతిలో ఏడు బద్దలు నాదరంధ్రం కిందనుంచి మొదలై పోనుపోను విడిపోతూ పొట్ట అంచు దాకా వెళ్తాయి, చివర రెండు వాలు బద్దలు వాటిని మూస్తాయి. అవి నార వెంట తీగల లాగుడును మోస్తూ, అడ్డంగా పలకను కాస్త స్వేచ్ఛగా వదులుతాయి. పెట్టె మూసేశాక కూడా పనివాడు నాదరంధ్రంలోంచి చెయ్యి దూర్చి బద్దల చివళ్లను చిన్న చిత్రికతో ఇంకాస్త పలచన చేస్తాడు.

పెట్టె మూసేశాక గాలి కూడా వాద్యంలో భాగమవుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక మంద్రస్వరం వస్తుంది కదా. మెడలోని గాలి ముద్ద, లోపలి గాలి స్ప్రింగు మీద కిందికీ పైకీ ఊగడమే ఆ స్వరం. గిటారు నాదరంధ్రంలోని గాలీ అంతే. దాని సహజ స్థాయి సెకనుకు దాదాపు 100 కంపనాలు. పైపలక మొత్తంగా ఊగే స్థాయి 200కు అటూ ఇటూ. గాలీ, పలకా ఒకదాన్నొకటి కదిలిస్తుంటాయి కాబట్టి ఇవి రెండూ విడివిడి సంగతులు కావు. గిటారులో అన్నిటికంటే మంద్రమైన తీగ సెకనుకు 82 సార్లు ఊగుతుంది. అంటే పెట్టెకు ఉన్న అతి తక్కువ అనునాదం కంటే కూడా కిందనే. ఆ మూలస్వరాన్ని గిటారు దాదాపు పలకలేదు. పలికేవి దాని అనుస్వరాలు: 165, 247, 330. వాటి మధ్య ఎడం చూసి మన మెదడు 82ను తానే పూరించుకుంటుంది. మనం ఎంతో గంభీరంగా ఉందని మెచ్చుకునే ఆ మంద్రంలో అధికభాగం మన తలలోనే తయారవుతోంది.

పలక ఎలా ఊగుతోందో కంటితో చూడవచ్చు. 1787లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ క్లాడ్నీ పలక మీద ఇసక చల్లి, అంచును కమానుతో రాసి చూపించాడు. ఊగే చోట్ల నుంచి ఇసక ఎగిరి కదలని గీతల మీద పోగవుతుంది. ఈనాటి గిటారు పనివాళ్లు ఇసక బదులు టీపొడి చల్లి, కమాను బదులు కింద స్పీకరు పెట్టి అదే పని చేస్తున్నారు. 1970ల మొదట్లో స్టాక్‌హోంలో ఎరిక్ యాన్సన్ లేజరు హోలోగ్రాములతో పూర్తయిన గిటారు పలక కదలికల్ని ఫొటోలు తీశాడు. అడుగు స్థాయిలో పొట్ట అంతా ఒక్క ముద్దగా పైకీ కిందికీ ఊగుతుంది. స్థాయి పెరిగేకొద్దీ రెండుగా, మూడుగా చీలి ఒక భాగం పైకి లేస్తే పక్కది కిందికి దిగుతుంది. ఈ అనునాదాల్లో బలమైనది ఏదైనా సరిగ్గా ఒక స్వరం మీద పడితే ఆ స్వరం పక్కవాటికంటే గట్టిగా అరిచి ఠక్కున ఆగిపోతుంది. అందుకని నేర్పరులు గాలి అనునాదాన్ని ఏ స్వరానికీ తగలకుండా, ఉదాహరణకు 98 కంపనాల స్వరానికీ 104 కంపనాల స్వరానికీ నడుమన, పడేలా సర్దుతారు. బద్దల మీద చివర చెక్కేది ప్రధానంగా దీని కోసమే.

మెట్ల లెక్క మాత్రం పూర్తిగా గణితం. వీణకు ఇరవైనాలుగు మెట్లూ మైనం మీద అమర్చి చెవితో విని సరిచేస్తారు, మైనం పాతబడితే మళ్లీ మేళం కట్టిస్తారు. గిటారు మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, ఒకసారి గాడి కోశాక జరపలేం. ఒక్కో మెట్టుకు తీగ పొడవు ఎంత తగ్గాలో 1581లో విన్సెంజో గలిలేయి అనే ఇటలీ సంగీతజ్ఞుడు రాశాడు. పద్దెనిమిదో వంతు అన్నాడాయన. దూరదర్శినిని ఆకాశం వైపు తిప్పిన గలీలియోకు తండ్రి. అసలు లెక్క 17.817వ వంతు. ఆ లెక్కన 650 మిల్లీమీటర్ల తీగ మీద మొదటి మెట్టు 36.48 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో వస్తాయి. గలిలేయి లెక్కన పన్నెండో మెట్టు సగానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ముందే వచ్చేస్తుంది. తమాషా ఏమంటే ఆ తప్పు కొంత ఉపకారమే చేసింది. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది, మెట్టు ముందుకు ఉండటం దాన్ని కొంత సరిచేస్తుంది. ఈనాటి పనివాళ్లు మెట్లను లెక్క ప్రకారం పెట్టి, బ్రిడ్జి మీదున్న ఎముక గట్టును ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతారు.

పక్కల్ని వంచడం చూడటానికి భయం వేసే పని. రెండు మిల్లీమీటర్ల గట్టి చెక్కను తడిపి, బాగా కాగిన లోహపు గొట్టానికి ఆనించి నెమ్మదిగా నొక్కుతారు. చెక్క నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడిలో, వేడిలో మెత్తబడుతుంది, చల్లారితే ఆ ఒంపులోనే గట్టిపడుతుంది. తొందరపడితే చెక్క విరుగుతుంది. స్పెయిన్ పద్ధతిలో పైపలకను బోర్లా పెట్టి, దాని మీదే మెడ, పక్కలు, వెనకభాగం ఒక్కొక్కటిగా కడతారు. మెడకు, పెట్టెకు మధ్య వేరే అతుకు ఉండదు, పక్కలు మెడ మొదట్లో తీసిన గాడుల్లోకే దిగుతాయి. ఒకే పనస దుంగను తొలిచి చేసే మన ఏకాండి వీణకు ఇది పూర్తిగా ఎదురు దారి. అక్కడ అక్కర్లేని చెక్కను తీసేస్తూ పోతారు, ఇక్కడ పలచని ముక్కల్ని కలుపుతూ పోతారు. గ్రనడా నగరంలో అల్‌హంబ్రా కోటకు ఎక్కే గోమెరెస్ వీధిలో ఈ పనిచేసే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరి మెరుగు లక్కతో. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలిచ్చే లక్క పురుగు సొత్తే ఇది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల లక్క శుద్ధి అయి స్పిరిట్‌లో కరిగి గిటారు మీదికి చేరుతుంది. చిన్న గుడ్డ ఉండతో రోజుల తరబడి పొరమీద పొర రుద్దుతారు. ప్లాస్టిక్ వార్నిష్‌తో పోలిస్తే ఈ పొర చాలా పలచన. పలక బరువు, మందం అంత సూక్ష్మంగా తూచిన తర్వాత దాని మీద మందపాటి పూత పూసి కదలిక తగ్గించుకోవడం ఎవరికి ఇష్టం? గీతలు సులువుగా పడతాయి, చెమటకు మసకబారుతుంది, అయినా పెద్ద పనివాళ్లు లక్కనే ఎంచుకుంటారు.

మన అడవులకు ఇంకో బంధుత్వం కూడా ఉంది, అది అంత సంతోషకరమైనది కాదు. ఇరవయ్యో శతాబ్దం చాలావరకు గిటారు వెనక, పక్కలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ అన్నిటికంటే మేలని పేరు. 1960ల చివర బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేసరికి పనివాళ్లు మన దేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగారు. మనం జిట్రేగి, ఇరుగుడు అని పిలుచుకునే చెట్టే. బ్రెజిల్ చెట్టు అంతరించే దశకు వచ్చి 1992లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారాన్ని దాదాపు నిషేధించింది. 2017 జనవరిలో మన జిట్రేగితో సహా ఆ ప్రజాతి చెట్లన్నిటి మీదా అనుమతుల నిబంధన వచ్చింది. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. మన చెట్టు కూడా ఇప్పుడు ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలోనే ఉంది. వేలి పలకకు వాడే నల్లచేవ ఎబొనీ సంగతీ అంతే. అది మన బీడీల తునికాకు చెట్టుకు దగ్గరి చుట్టం.

ఈ చెక్కలు నిజంగా అంత అవసరమా? 2018లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్యుయేలె కార్కాన్యో బృందం ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. అన్ని విధాలా ఒకేలా ఉండి, వెనక, పక్కల చెక్క మాత్రమే వేరైన ఆరు గిటార్లు చేయించారు. వాటిలో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి చవక చెక్కల దాకా ఉన్నాయి. 52 మంది వాద్యకారులు ఏది ఏదో కనపడకుండా మసక వెలుతురులో నల్లద్దాలు పెట్టుకుని వాయించి మార్కులు వేశారు. చెక్క ధరకూ మార్కులకూ పొత్తు కుదరలేదు. అవి ఉక్కు తీగల గిటార్లు, కాబట్టి క్లాసికల్ గిటారుకు ఈ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టను. కానీ 1862 నాటి అట్ట గిటారు చూపేదీ ఇదే దారి. రోజ్‌వుడ్‌లో శక్తి వృథా తక్కువన్న మాట నిజమే, దాని అందమూ నిజమే. అయినా అడవిలో మిగిలిన చెట్టును నరికించేంత తేడా గిటారు నాదంలో లేదని నా గట్టి నమ్మకం.

తీగల కథలోనూ ఒక కొరత మేలు చేసింది. రెండో ప్రపంచయుద్ధం దాకా క్లాసికల్ గిటారు సన్న తీగలంటే పశువుల పేగు నారే. యుద్ధంలో ఆ నార గాయాలు కుట్టడానికి పోయింది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే గిటారు పనివాడు కొత్తగా వచ్చిన నైలాన్‌తో ప్రయోగాలు మొదలుపెట్టాడు. సెగోవియా మద్దతు దొరికాక పదేళ్లలో పేగు తీగ దాదాపు కనుమరుగైంది.

పలకను తేలిక చెయ్యడమనే ఆట తోర్రెస్‌తో ఆగలేదు. ఆస్ట్రేలియాలో గ్రెగ్ స్మాల్‌మన్ పైపలకను దాదాపు ఒక మిల్లీమీటరు దాకా తీసుకెళ్లి, కింద బాల్సా చెక్క, కార్బన్ నారలతో గళ్లగళ్లుగా బద్దలు అల్లాడు. వెనక, పక్కలు బరువుగా చేశాడు. గిటారు వాద్యకారుడు జాన్ విలియమ్స్ దశాబ్దాలపాటు ఆ గిటార్లే వాయించాడు. జర్మనీలో మత్తియాస్ డామన్, గెర్నోట్ వాగ్నర్ రెండు అతి పలచని చెక్క పొరల్ని మధ్యలో ఖాళీ ఉంచి కలిపారు. ఆ ఖాళీలో నోమెక్స్ అనే గూళ్ల కాగితం. పొరల మధ్య ఎడం పెరిగితే బరువు పెరక్కుండానే బిరుసు పెరుగుతుంది. పెద్ద హాళ్లలో ఇవి బాగా వినపడతాయి. తోర్రెస్ వర్గం గిటార్లలో దొరికే రంగుల వైవిధ్యం వీటిలో తగ్గుతుందని అనేవాళ్లున్నారు. నా చెవికీ అలాగే వినిపిస్తుంది, కానీ ఇది అభిరుచి మాట.

ఇంత పలచని పలకకు పెద్ద శత్రువు గాలిలోని తేమ. చెక్క నార వెంబడి దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. చెక్కలోని తేమ నాలుగు శాతం తగ్గితే 37 సెంటీమీటర్ల వెడల్పైన పొట్ట రెండు మిల్లీమీటర్లకు పైగా కుంచించుకోవాలని చూస్తుంది. అంచులన్నీ జిగురుతో బిగిసి ఉంటే ఎటు పోతుంది? నార వెంట పగులుతుంది. అందుకే పనిశాలల్లో గాలి తేమను 45 నుంచి 50 శాతం మధ్య నిలిపి అప్పుడే బద్దలు అతికిస్తారు. విశాఖలో ఏడాదంతా తడిగాలికి అలవాటుపడిన గిటారును ఏప్రిల్‌లో హైదరాబాద్‌కో అనంతపురానికో తెచ్చి ఏసీ గదిలో గోడకు తగిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మీ ఇంట్లో పిల్లలకు గిటారు కొనాలనుకుంటే దుకాణంలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: పైపలక అచ్చమైన చెక్కా, ప్లైవుడ్డా? నాదరంధ్రం అంచును చూస్తే మీకే తెలుస్తుంది. అచ్చమైన చెక్కయితే పైన కనిపించే గీరలు అంచు మందంలో కూడా కిందిదాకా కొనసాగుతాయి, ప్లైవుడ్ అయితే పొరలు అడ్డంగా కనిపిస్తాయి. వెనక చెక్క పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. కొన్నాక గిటారును దాని కేసులో ఉంచండి, కేసులో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టండి, ఎండలో ఆగిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి.